జీను బిగిస్తుంటే గుర్రం కరవబోతోందా?

దాణా సగం వదిలేసి ఎండుగడ్డి మాత్రం తింటోందా? జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవడానికి వస్తోందా? ఒంటి మెరుపు తగ్గి, చిక్కిపోతోందా? పొగరనుకుని కొట్టకండి, పాపం. కడుపులో పుండ్లు ఉండొచ్చు. పందెం గుర్రాల్లో ఇది చాలా మామూలు.

గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా 24 గంటలూ ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. పైగా కడుపు పైభాగానికి ఆమ్లాన్ని తట్టుకునే జిగురు పొర ఉండదు. ఖాళీ కడుపుతో పరిగెత్తిస్తే ఆమ్లం ఎగిరి అక్కడే తగులుతుంది. అందుకే సవారీకి అరగంట ముందు రెండు మూడు గుప్పెళ్ల లూసర్న్ గడ్డి పెట్టండి. అందులోని కాల్షియం ఆమ్లాన్ని కొంత విరుస్తుంది. నా దృష్టిలో ఇంతకంటే చవకైన మందు లేదు. గడ్డి లేకుండా ఆరు గంటలు దాటనివ్వకండి, ముఖ్యంగా రాత్రిపూట. గింజల దాణా తగ్గించి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

పుండ్లు ఉన్నాయో లేదో ఖాయంగా తెలిసేది ఎండోస్కోపీతోనే. ఉంటే పశువైద్యులు సాధారణంగా ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ అనే మందు నాలుగు వారాల పాటు రోజూ పొద్దున్నే, దాణాకు ముందు ఇవ్వమంటారు. మనుషుల క్యాప్సూల్స్‌తో సొంత వైద్యం వద్దు. ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందులు డాక్టర్ చెప్పకుండా అసలే వాడకండి, అవే పుండ్లు తెస్తాయి. గుర్రం నేల మీద పడి దొర్లుతుంటే మాత్రం చిట్కాలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ని పిలవండి.