కట్టుడు పళ్లను వేడి నీళ్లలో వేయకండి

ఇంట్లో అమ్మమ్మకో తాతకో కొత్తగా కట్టుడు పళ్లు పెట్టించారా? శుభ్రం అవుతాయని వేడి నీళ్లలో వేయకండి. అవి ఎక్కువగా అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌వే, వేడికి వంకర పోతాయి, ఆ తర్వాత చిగురు మీద సరిగ్గా కూర్చోవు. టూత్‌పేస్టు కూడా వద్దు, సన్నటి గీతలు పడి అందులో పాచి పేరుకుంటుంది. మెత్తటి బ్రష్షు, చేతులు కడుక్కునే సబ్బు చాలు. కింద టబ్బులో నీళ్లు పెట్టుకుని కడిగితే చెయ్యి జారినా విరగవు. రాత్రి తీసి చల్లనీళ్లలో ఉంచాలి.

మొదట్లో మెత్తటి తిండి, రెండు వైపులా నమలడం. సకినాలు, సర్వపిండి కొన్నాళ్లు ఆగాలి (మా వరంగల్ పెద్దోళ్లను ఒప్పించడమే పెద్ద టెన్షన్!). ఎక్కడైనా ఒరుసుకుని పుండైతే ఇంట్లో ఆకురాయితో గీకకండి, డాక్టరు దగ్గర సరిచేయించండి.