అన్నిటికంటే ముందు మీ ఈమెయిల్‌ని కాపాడుకోండి

ఆన్‌లైన్ భద్రత అనగానే చాలామంది ఏ యాంటీవైరస్ కొనాలి అని అడుగుతారు. నేనైతే ముందు మీ ఈమెయిల్ సంగతి చూసుకోమంటాను. బ్యాంకు ఖాతా, వెబ్‌సైట్, సోషల్ మీడియా పేజీలు, లెక్కల సాఫ్ట్‌వేర్, దేనికైనా సరే 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే లింకు వచ్చేది చాలావరకు ఆ మెయిల్‌కే కదా. అది ఇంకొకడి చేతికి చిక్కిందంటే మిగతావి వాడు విడిగా పగలగొట్టాల్సిన పనే లేదు, తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతాడు.

అందుకని ఇవాళే మెయిల్‌కి ఒక కొత్త పాస్‌వర్డ్ పెట్టండి, మరెక్కడా వాడనిది. ఒకే పాస్‌వర్డ్ నాలుగుచోట్ల వాడితే ఏమవుతుందో చెప్తాను. 2012లో ఉద్యోగ పరిచయాల సైట్ లింక్డ్‌ఇన్ నుంచి దొంగిలించిన పాస్‌వర్డ్‌లు 2016లో అమ్మకానికి వచ్చాయి, అవి 11 కోట్లకు పైనే. ఇలాంటి జాబితా చేతిలో ఉన్నవాడు అదే మెయిల్, అదే పాస్‌వర్డ్ జతని వందల సైట్లలో ప్రోగ్రామ్‌తో వేసి చూస్తాడు. మీరు ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతా పాస్‌వర్డే ఈరోజు మీ వ్యాపారం ఖాతాకీ ఉంటే ఇక చెప్పేదేముంది.

అన్ని పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు, పెట్టుకోవద్దు కూడా. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ ఒకటి పెట్టుకుంటే అదే పొడవైనవి తయారుచేసి దాచిపెడుతుంది. మీరు గుర్తుంచుకోవాల్సింది దాన్ని తెరిచే పాస్‌వర్డ్ ఒక్కటే. దానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి రాయండి, చిన్న పదంలో ఒక గుర్తూ ఒక అంకె ఇరికించడం కంటే ఆ పొడవే ఎక్కువ బలం. ప్రతి మూడు నెలలకీ మార్చాలన్న పాత నియమం మానేయొచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే దాన్ని పక్కన పెట్టింది, ఎందుకంటే బలవంతంగా మార్పిస్తే జనం చివరి అంకె ఒక్కటి మార్చి ఊరుకుంటారు. లీకైందని తెలిస్తే మాత్రం వెంటనే మార్చాలి.

తర్వాత రెండో అంచె, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే ఇంకో రుజువు. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ అసలు లేకపోవడం కంటే మేలే, కానీ మీ నంబరుతో ఇంకో సిమ్ తీయించిన దొంగకి అది నేరుగా చేరుతుంది. ఫోన్లోనే కోడ్ తయారుచేసి చూపించే అథెంటికేటర్ యాప్ ఇంకాస్త మెరుగు. అయితే నకిలీ లాగిన్ పేజీలో మీరే ఆ కోడ్ కొడితే వాడు అదే క్షణంలో అసలు సైట్లో వాడేసుకుంటాడు. పాస్‌కీతో, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా కంప్యూటర్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతితో, ఆ బాధ లేదు, అది అసలు సైట్ చిరునామాకే ముడిపడి ఉంటుంది కాబట్టి మీరు మోసపోయినా అది నకిలీ పేజీలో పనిచేయదు. మెయిల్‌కీ బ్యాంకుకీ పాస్‌కీ ఇచ్చే వీలుంటే తప్పకుండా తీసుకోండి, ఫోన్ పోయినా లోపలికి వెళ్లడానికి సైట్ ఇచ్చే రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఇంకో మాట, ఇది చాలామంది చూడరు: మెయిల్ సెట్టింగుల్లోకి వెళ్లి ఫార్వర్డింగ్ (మెయిల్ వేరే చిరునామాకి వాటంతటవే పంపేది), ఫిల్టర్లు (వచ్చిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రూల్స్) తెరిచి చూడండి. లోపలికి దూరినవాడు 'ఇన్‌వాయిస్' అన్న మాట ఉన్న మెయిల్ ప్రతిదీ తనకి కూడా వెళ్లేలా ఒక రూల్ పెట్టి వదిలేస్తాడు, మీరు పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే పనిచేస్తూ ఉండొచ్చు.

వ్యాపారంలో అసలు డబ్బు పోయేది ఇక్కడే. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి కొత్త దాంట్లో వేయండి' అని మీకు రోజూ సరుకు ఇచ్చేవాళ్ల పేరుతోనే మెయిల్ వస్తుంది, పాత సంభాషణ కింద కనిపిస్తూనే ఉంటుంది. 2013 నుంచి 2015 దాకా గూగుల్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలే దొంగ ఇన్‌వాయిస్‌లకి మొత్తం 10 కోట్ల డాలర్లకు పైగా కట్టేశాయి. 2024లో హాంకాంగ్ పోలీసులు చెప్పిన కేసైతే ఇంకా భయం పుట్టిస్తుంది: వీడియో కాల్‌లో తన పై అధికారుల్ని చూశాననుకుని ఒక ఉద్యోగి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు, కాల్‌లో కనిపించినవాళ్లంతా డీప్‌ఫేక్‌లే, అంటే కంప్యూటర్ తయారుచేసిన నకిలీ మొహాలే.

కాబట్టి ఆఫీసులో ఒక నియమం పెట్టండి. ఖాతా నంబరు మారిందని ఎవరు చెప్పినా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగాలి, ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు. పెద్ద మొత్తాలకి ఇద్దరు ఒప్పుకుంటేనే డబ్బు కదలాలి. ఓనరు గొంతుతోనే 'అర్జెంట్, ఎవరికీ చెప్పకు' అని ఫోన్ వచ్చినా సరే, పెట్టేసి మళ్లీ తామే చేయాలి. అలా తిరిగి ఫోన్ చేసినందుకు ఓనరు విసుక్కోకూడదు, ఇది ముందే అందరి ఎదుటా చెప్పాలి.

అప్‌డేట్లు వచ్చినరోజే వేసేయండి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ లక్షల కంప్యూటర్లలోని ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగింది, అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది.

మీ ఫైళ్ల బ్యాకప్ కనీసం ఒకటి నెట్‌వర్క్‌కి తగలకుండా విడిగా ఉండాలి. 2017 జూన్‌లోనే నాట్‌పెట్యా అనే ఇంకో వైరస్ దెబ్బకి మెర్స్క్ అనే షిప్పింగ్ కంపెనీ లాగిన్ సర్వర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఘానాలో కరెంటు పోయి ఆగిపోయిన ఒక్క సర్వర్ మిగిలింది, దాంతోనే మళ్లీ నిలబడ్డారు. మీరు అలాంటి అదృష్టం మీద ఆధారపడొద్దు. నెలకోసారి బ్యాకప్ నుంచి రెండు ఫైళ్లు నిజంగా వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.

డొమైన్, అంటే మీ వెబ్‌సైట్ చిరునామా, మీ పేరు మీదే ఉందో, సైట్ చేసిచ్చినాయన పేరు మీద ఉందో చూసుకోండి. మానేసిన ఉద్యోగి లాగిన్‌లు ఆరోజే ఆపేయండి.

ఎవరైనా తప్పు లింకు నొక్కేశారా? ఆ కంప్యూటర్‌ని ఇంటర్నెట్ నుంచి తీసేయండి, కానీ ఆపేయకండి, జాడలు పోతాయి. డబ్బు కదిలితే మొదటి ఫోన్ బ్యాంకుకే. పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి. నొక్కినవాళ్లని మాత్రం తిట్టకండి. ఒకసారి తిట్లు తిన్నవాళ్లు రెండోసారి దాచేస్తారు, అప్పుడు దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు అవుతుంది. 'నేనేదో నొక్కాను' అని రెండు నిమిషాల్లో వచ్చి చెప్పినవాళ్లకి ముందు థాంక్స్ చెప్పి, తర్వాత పని మొదలుపెట్టండి.