రంగు పోయినా సీఓడీ తగ్గట్లేదా? ఐరన్ పూత మెంబ్రేన్ల సమస్యలు - పరిష్కారాలు

రియాక్టివ్ రంగులతో నూలు అద్దే యూనిట్ల మురుగు నీళ్లను మెంబ్రేన్ (సన్నని రంధ్రాల వడపోత గొట్టం)తో శుద్ధి చేయడానికి సంబంధించిన వివరాలివి. సీఓడీ అంటే నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క. అల్యూమినా గొట్టాల లోపల ఐరన్ ఆక్సైడ్ పూత, ఫీడ్‌లోకి హైడ్రోజన్ పెరాక్సైడ్ డోసింగ్ ఉన్న అమరికకే ఈ లెక్కలు వర్తిస్తాయి. ఏ కెమికల్ మార్చాలన్నా ముందు ప్రెషర్ గేజీ చూడండి. ప్రెషర్ పెరిగితే సమస్య రంధ్రాల్లో ఉంది. ప్రెషర్ మామూలుగానే ఉండి రంగు దిగకపోతే పూతలోనో, పీహెచ్‌లోనో, పెరాక్సైడ్‌లోనో వెతకాలి.

మొదట తేట నీళ్లు, కొన్ని గంటలకే రంగు

కొత్త మెంబ్రేన్‌తో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పూత రంగును విరగ్గొట్టడం లేదు, పీల్చుకుని దాచుకుంటోంది. శుభ్రంగా కడిగిన మెంబ్రేన్‌ను పెరాక్సైడ్ లేకుండా గంటసేపు నడపండి. అప్పుడు కూడా తేట నీళ్లే వస్తే ఇదే కారణం. 0.1 శాతం కాస్టిక్‌తో కడిగితే పట్టిన రంగు బయటికొస్తుంది.

పూత పనిచేయకపోవడానికి చాలాసార్లు పీహెచ్చే మూలం. సోడా యాష్ వల్ల ఈ నీళ్లు 10-11 దగ్గర ఉంటాయి. ఐరన్ బాగా పనిచేసేది 3 చుట్టుపక్కల. పైగా రంగును విరగ్గొట్టాల్సిన, ఇనుము పెరాక్సైడ్ నుంచి పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను కార్బొనేటు తినేస్తుంది. సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో 3-3.5కి దించి, బుడగలు ఆగేదాకా ట్యాంకులో కలియబెట్టి, ఆ తర్వాతే పంపు ఆన్ చేయండి. హైడ్రోక్లోరిక్ వాడొద్దు, క్లోరైడ్ కూడా రాడికల్స్‌ను మింగుతుంది. అద్దకం బాత్‌లో లీటరుకు 40-80 గ్రాముల ఉప్పు ఉండటం మామూలే కాబట్టి, ఆ నీళ్లను వేరే లైన్లో పెట్టి జాడింపు నీళ్లనే ఇటు పంపడం మేలు.

రంగు పోయింది, సీఓడీ తగ్గలేదు

ముందు పరీక్షనే అనుమానించండి. మిగిలిపోయిన పెరాక్సైడ్ ప్రతి మిల్లీగ్రాముకూ 0.47 మిల్లీగ్రాముల దాకా దొంగ సీఓడీ చూపిస్తుంది. శాంపిల్‌ను 7 పీహెచ్‌కి తెచ్చి, అద్దకంలో వాడే పెరాక్సైడ్ కిల్లర్ (కెటలేజ్ ఎంజైమ్) కొద్దిగా వేసి, పెరాక్సైడ్ టెస్ట్ స్ట్రిప్ సున్నా చూపాక పరీక్షించండి.

అప్పటికీ తగ్గలేదంటే ఆజో బంధం (రంగు అణువులో రంగునిచ్చే నైట్రోజన్ జంట) ఒక్కటే తెగింది, రంగులేని ఆరోమాటిక్ అమైన్లు అలాగే ఉన్నాయి. వీటిలో కొన్ని అసలు రంగుకన్నా విషపూరితం, తేటగా ఉన్నాయని ఈ నీళ్లను వదిలేయకూడదు. గ్రాము సీఓడీకి లెక్కప్రకారం 2.1 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. సీఓడీ లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉన్న వెయ్యి లీటర్లకు 50 శాతం పెరాక్సైడ్ సుమారు 0.7 లీటరు. ఒకేసారి పోస్తే అదనపు పెరాక్సైడే రాడికల్స్‌ను చంపుతుంది. మూడు నాలుగు చోట్ల విడివిడిగా ఇవ్వండి.

ప్రెషర్ పెరుగుతోంది

నూలుకు పెట్టిన గంజి అయితే కాస్టిక్ ఒక్కటే చాలదు, ముందు గంజిని విరగ్గొట్టే ఎంజైమ్ అమైలేజ్‌తో కరిగించాలి. ఎర్రమట్టి రంగు పొర ఉంటే ఐరన్ హైడ్రాక్సైడ్ అన్నమాట. పీహెచ్ 4 దాటిందేమో చూడండి. 1 శాతం సిట్రిక్ ఆసిడ్‌తో అరగంట చాలు. ఆక్సాలిక్ ఇంకా త్వరగా శుభ్రం చేస్తుంది కానీ పూతను కూడా కరిగిస్తుంది.

నిలవ ఉంచితే నీళ్లు పసుపెక్కుతున్నాయి

ఇది రంగు కాకపోవచ్చు, పూతలోంచి కరిగిన ఇనుము కావచ్చు. పొటాషియం థయోసయనేట్ చుక్క వేస్తే ఎర్రబడుతుంది. కాస్టిక్‌తో పీహెచ్ 7-8కి పెంచితే బురదగా అడుగుకు చేరుతుంది. ఆ ఇనుము వారం వారం పెరుగుతుంటే మాత్రం, రంగు కలిపిన నీళ్లలో కొద్దిగా పర్మియేట్ (మెంబ్రేన్ దాటి వచ్చిన నీళ్లు), పెరాక్సైడ్ పోసి పీహెచ్ 3 దగ్గర వదిలిపెట్టండి. అక్కడా రంగు దిగిపోతే పని చేస్తున్నది కరిగిన ఇనుమే. అలాంటి పూతను మళ్లీ వేయించక తప్పదు.