టీమ్ అవసరాలు ముందు చూసే లీడ్‌గా పనిచేయడం ఎలా?

1970లో అమెరికన్ మేనేజ్‌మెంట్ రచయిత రాబర్ట్ గ్రీన్‌లీఫ్ దీనికి సర్వెంట్ లీడర్‌షిప్ అని పేరు పెట్టారు. మన హైటెక్ సిటీలో అది ఎక్కువగా గోడమీద పోస్టరే.

కావలసినవి: ఒక నోట్‌బుక్, టీమ్‌లో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటానికి వారానికి అరగంట. ఎనిమిది మంది దాటితే పదిహేను రోజులకోసారి. షేర్డ్ షీట్ వద్దు, అందులో ఎవరూ మనసులో మాట రాయరు. మంగళ, బుధవారాల్లో పెట్టుకోండి. క్యాబిన్‌లో కాదు, కింద చాయ్ దగ్గర.

ఇక అడగడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. "ఏమైనా ఇబ్బందా?" అంటే "ఏం లేదండీ, అంతా ఓకే" అంటారు. అది జవాబు కాదు, మర్యాద. వాళ్ల పనికి మార్కులేసే అప్రైజల్ మీ చేతిలో ఉన్నన్నాళ్లూ అంతకుమించి రాదు. ప్రశ్న చిన్నది చేయండి: "పోయిన వారం ఏ పని రెండుసార్లు చేయాల్సొచ్చింది?" "ఎవరి అప్రూవల్ కోసం ఎన్ని రోజులు ఆగారు?"

అడిగాక మాట్లాడకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఆ మౌనం భరించలేక "ట్రాఫిక్ వల్లేగా?" అని జవాబు మీరే అందిస్తే అవతలి మనిషి తలూపేస్తారు. అసలు సంగతి అక్కడితో పోయింది.

ఉప్పల్ నుంచి వచ్చే అమ్మాయి ఆరింటి మీటింగ్‌లో నోరు విప్పడం లేదంటే ఆసక్తి లేదని రాసేసుకోకండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అటు చివర క్రెష్ మూసేలోపు పిల్లను తీసుకోవాలేమో. మీటింగ్ నాలుగింటికి జరపండి, చాలు. పిజ్జా పార్టీ అక్కర్లేదు.

విన్నవాటిలో ఒక్కటైనా రెండు రోజుల్లో చేసి చూపాలి. కానిదాన్ని కాదని అప్పుడే చెప్పాలి. "చూద్దాం" అనకండి, దాని అర్థం అందరికీ తెలుసు. అలాగని వాళ్ల కోడ్‌లో తప్పు, అదే బగ్, మీరు రాత్రి కూర్చుని సరిచేయకండి. మళ్లీ అదే బగ్ మీ దగ్గరికే వస్తుంది. సిస్టమ్ యాక్సెస్ రాకపోతే ఐటీ వాళ్ల వెంట పడటం మీ పని, కోడ్ వాళ్ల పని.

చివరగా సెలవులు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి సంక్రాంతి, దసరా సెలవులు 65 రోజుల ముందే తేల్చేయండి. పండక్కి నాలుగు రోజుల ముందు ఓకే చేస్తే చేతిలో సెలవుంటుంది, టికెట్ ఉండదు. బోనాల సోమవారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ పెట్టకండి. రంజాన్ నెలలో సాయంత్రం కాల్ పెట్టేముందు ఆ రోజు ఇఫ్తార్ ఎన్నింటికో చూసుకోండి.