బిళ్ళగన్నేరు కణాలు పెరిగితే సరిపోదు

బిళ్ళగన్నేరు కణాలను సీసాలో పెంచి (దీన్నే కల్చర్ అంటారు) మందులకు పనికొచ్చే ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారుచేసుకునే నైట్రోజన్ ఉన్న రసాయనాలు, రాబట్టాలనుకుంటే పెరట్లో ఆకు కోసుకొచ్చి మొదలుపెట్టకండి. నేను ఆ పనే చేశాను. వానాకాలం కావడంతో మూడో రోజుకే సీసాలన్నీ బూజు పట్టాయి, వారం శ్రమ వృథా అయింది. అప్పటి నుంచి విత్తనంతోనే మొదలుపెడుతున్నాను. విత్తనాలను 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం, తర్వాత బ్లీచ్ ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, ఆటోక్లేవ్ చేసిన (ఒత్తిడితో కూడిన ఆవిరిలో సూక్ష్మజీవులను చంపిన) నీటితో ఐదుసార్లు కడుగుతాను. అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద వేసి చీకట్లో పెడతాను, ఈ గింజ చీకట్లోనే బాగా మొలుస్తుంది. ఆ మొలక ఆకును ముక్కలు చేసుకోవాలి.

కణాలకు పోషకాలిచ్చే మీడియా, మురాషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు 1962లో ప్రకటించినది. లీటరుకు సుక్రోజ్ (చక్కెర) 30 గ్రాములు, అగార్ 8 గ్రాములు, మొక్క హార్మోన్లలా పనిచేసే 2,4-డి 1 మిల్లీగ్రాము, కైనెటిన్ 0.1 మిల్లీగ్రాము. అగార్ కలపకముందే పీహెచ్ 5.8కి తెచ్చి, 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి. ఆకు ముక్కలను దాని మీద పెడితే, 25 డిగ్రీల గదిలో మూడు నాలుగు వారాలకు కాలస్ (ఆకారం లేని కణాల ముద్ద) వస్తుంది. గట్టి ముద్దలు వదిలేసి, పొడిపొడిగా విడిపోయేదాన్ని ఏరి, అగార్ లేని ఇదే మీడియాలో షేకర్ (ఫ్లాస్క్‌ను ఊపుతూ ఉండే యంత్రం) మీద పెట్టండి.

నాకు అసలు టెన్షన్ ఇక్కడే మొదలైంది. ఫ్లాస్క్ నిండా కణాలు చూసి ఎంతో సంబరపడ్డాను. తీరా పరీక్షిస్తే ఆల్కలాయిడ్ దాదాపు లేదు. పొలంలో కలుపు మందుగా చల్లే ఈ 2,4-డి ఇక్కడ కణాలను విభజిస్తూనే ఉంచుతుంది, ఆల్కలాయిడ్ తయారీని మాత్రం అణిచేస్తుంది. అందుకే బాగా పెరిగిన కణాలను వడగట్టి, 2,4-డి లేకుండా సుక్రోజ్ 50 గ్రాములకు పెంచిన మీడియాలోకి మార్చాలి. కొన్ని రోజులయ్యాక మిథైల్ జాస్మోనేట్ 100 మైక్రోమోలార్ చొప్పున వేయండి. పురుగు కొరికినప్పుడు మొక్క పంపుకునే సంకేతం లాంటిదే ఇది. దాన్ని ఆల్కహాల్‌లో కరిగించి వేస్తాం కాబట్టి, పోల్చడానికి ఉంచిన ఫ్లాస్క్‌లోనూ అంతే ఆల్కహాల్ వేయాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

ఆల్కలాయిడ్‌ను పసిగట్టే డ్రాగెండార్ఫ్ రీజెంట్‌తో నారింజ రంగు వస్తే ఏదో ఆల్కలాయిడ్ ఉందన్న మాటే. ఏది, ఎంత అన్నది హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలోనే తేలుతుంది.

ఈ కణాల్లో అజ్మలిసిన్, సర్పెంటిన్, కాథరాంథిన్ అనే ఆల్కలాయిడ్లు దొరుకుతాయి. క్యాన్సర్ మందులైన విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్‌లలో ఒక సగం కాథరాంథిన్ నుంచి వస్తుంది. వాటికి కావలసిన మరో సగం, విండోలిన్, తయారవడానికి ఆకులోని వేర్వేరు రకాల కణాలు కావాలి. కాలస్‌లో అవి ఉండవు. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చే విన్‌క్రిస్టిన్ పేరును, చేతిలో లేనిదానికి దయచేసి తగిలించకండి.

సబ్‌కల్చర్ చేసిన (కణాలను కొత్త మీడియాలోకి మార్చిన) తేదీ ప్రతి సీసా మీదా రాయండి. పాతబడేకొద్దీ దిగుబడి పడిపోతుంటుంది. పడిపోయిందని తేలితే మళ్ళీ విత్తనం నుంచి మొదలుపెట్టండి.