ఇంటి నుంచి పెరటి మోటారుకు భూమిలో కరెంటు లైను వేయడం ఎలా?

అనంతపురం, కడప వైపు ఎండలకు నేల తడి ఆరిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఎర్త్ గుంత నిరోధం 50 ఓమ్‌లకు చేరిందనుకోండి. మోటారు బాడీకి ఫేజు తగిలినా భూమిలోకి పోయేది 230ని 50తో భాగించినంత, అంటే 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీకి (లోడు మితిమీరితే కరెంటు ఆపే స్విచ్) అది మామూలు లోడు, ట్రిప్ కాదు. బాడీని ముట్టుకున్నవాళ్లకు మాత్రం ప్రాణాంతకం. అందుకే బయటి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కొద్దిగా లీకైనా వెంటనే లైను ఆపే స్విచ్) తప్పనిసరి. ఎంసీబీ ఉందిగా అని దీన్ని వదిలేయకండి.

ఒక హెచ్‌పీ మోటారుకు, 30 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల (లోపల మూడు తీగలుండే) రాగి ఆర్మర్డ్ కేబుల్, అంటే రక్షణగా ఇనుప తీగలు చుట్టిన కేబుల్, సరిపోతుంది. కొనేటప్పుడు కేబుల్ మీద ఐఎస్ (భారతీయ ప్రమాణం) 1554 ముద్ర చూడండి. ఇంట్లో వాడే మామూలు వైరును పైపులో పెట్టి పాతితే పైపులోకి నీరు చేరుతుంది. పైన ఎండలో ఉన్న తెల్ల పీవీసీ పైపు కొన్నేళ్లకే పెళుసెక్కి పగులుతుంది.

కేబుల్ పాతే పద్ధతి ఐఎస్ 1255లో ఉంది: లోతు 75 సెంటీమీటర్లు, బండ్లు తిరిగే చోట మీటరు. అడుగున 75 మిల్లీమీటర్ల ఇసుక పరిచి, కేబుల్ వేసి, మళ్లీ అంతే ఇసుక పోయాలి. ఆపైన వరుసగా ఇటుకలు గానీ కడప బండ ముక్కలు గానీ పేర్చండి, రేపు ఎవరైనా గడ్డపార వేస్తే ముందు అవి తగులుతాయి. ఎర్ర నేలల్లో మొనదేలిన రాళ్లు కేబుల్ పైపొరను కోస్తాయి కాబట్టి ఇసుకలో పొదుపు వద్దు. కర్నూలు నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి కేబుల్‌ను లాగుతుంది. రెండు చివర్లా మీటరు చుట్ట వదలండి. మధ్యలో అతుకు అస్సలు వద్దు. టేపు చుట్టి పాతిన అతుకులోకి మొదటి వానకే తడి దిగుతుంది.

మోటారు దగ్గర ఐపీ 65 (దుమ్ము, నీటి చిమ్ములు లోపలికి పోని) పెట్టె బిగించి, కేబుల్ కింది వైపు నుంచి గ్లాండుతో (కేబుల్‌ను పెట్టెకు బిగించే బిరడా) లోపలికి తీసుకెళ్లండి. పైనుంచి తెస్తే వాన నీరు కేబుల్ వెంబడే లోపలికి జారుతుంది. ఆర్మర్ ఇనుప తీగలను గ్లాండు ద్వారా ఇంటి వైపు ఎర్త్‌కు కలపాలి. ఆకుపచ్చ కోరును మోటారు బాడీకి బిగించండి.

మెయిన్ బోర్డులో కలిపే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. మోటారు కనెక్షన్ విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) కోర్ల మధ్య, ప్రతి కోరుకూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి. కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి. మోటారు వేయగానే ట్రిప్ అవుతుంటే ముందు న్యూట్రల్ ఎక్కడైనా ఎర్త్‌ను తాకుతోందేమో వెతకండి.