కింది దవడలో చివరి పన్ను వెనుక భాగాన్ని ఇంట్లో ఎలా పరీక్షించుకోవాలి?

పెదవి మీదో నాలుక మీదో పుండు వస్తే వెంటనే తెలుస్తుంది కానీ, కింది దవడలో చివరి పన్ను వెనుక వచ్చినది చాలాకాలం కంటపడదు. అక్కడ చిగురు పొర పలుచగా ఉండి, దాని కిందనే ఎముక ఉంటుంది కాబట్టి క్యాన్సర్ పుడితే అది త్వరగా దవడ ఎముకలోకి పాకగలదు. అందువల్ల వక్క, గుట్కా, ఖైనీ, బీడీ, చుట్ట అలవాటున్నవారు నెలకొకసారైనా ఈ మూలను చూసుకోవడం అవసరం.

చేతులు సబ్బుతో కడుక్కొని, కట్టుడు పళ్లు ఉంటే తీసి, నోరు పుక్కిలించి అద్దం ముందు నిలబడండి. ఒక చేత్తో టార్చి పట్టుకొని, రెండో చేత్తో చెంచా కాడతో బుగ్గను పక్కకు లాగండి.

ముందుగా చివరి పన్ను ఏదో గుర్తించాలి. ముందు పళ్ల మధ్య నుంచి ఒక పక్కకు లెక్కిస్తే 8వది జ్ఞానదంతం. అది సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తుంది, కొందరికి అసలు రాదు. సగమే వచ్చిన పన్నును కప్పిన చిగురు కింద ఆహారం చిక్కుకుంటే వాపు, నొప్పి వచ్చి నోరు తెరవడం కష్టమవుతుంది.

ఆ పన్ను వెనుక మెత్తటి చిన్న ఉబ్బు కనిపిస్తుంది. అక్కడి నుంచి పై దవడ చివరి పన్ను వెనుక వరకు ఎక్కే త్రిభుజాకారపు చిగురు భాగాన్ని వైద్యులు రెట్రోమోలార్ ట్రైగోన్ అంటారు. నోరు బాగా తెరిస్తే దాని లోపలి అంచున నిలువుగా సాగే మడత ఒకటి బిగుసుకుంటుంది. కింది దవడకు మత్తు సూది వేసే దంతవైద్యులు ఆ మడతనే ఆనవాలుగా తీసుకుంటారు. వక్క నమిలేవారిలో గట్టి పట్టీలు ఏర్పడే చోట్లలో ఇదీ ఒకటి కనుక దీన్ని శ్రద్ధగా చూడాలి.

తర్వాత చూపుడు వేలితో ఆ త్రిభుజాన్ని మెల్లగా తడమండి. లోపల గట్టిగా తగిలేది నిలువుగా పైకి లేచే దవడ ఎముక ముందు అంచు. అది సహజమే, గడ్డ అనుకొని భయపడకండి. రెండు వైపులా పోల్చుకుంటే తేడా తేలిగ్గా తెలుస్తుంది. వేలిని మరీ వెనక్కి పోనిస్తే డోకు వస్తుంది.

చివరగా చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లను ఒకదానిపై ఒకటి ఉండేలా నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడండి. మూడు వేళ్లు పట్టకపోతే, ముఖ్యంగా కారం తిన్నప్పుడు నోరు మండుతుంటే, వక్క వల్ల వచ్చే బిగుతేమో వైద్యుడు తేల్చాలి.

రెండు వారాలకూ మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, కారణం లేకుండా పన్ను కదలడం, కింది పెదవి తిమ్మిరి, మెడలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా దంతవైద్యుని దగ్గరకు వెళ్లండి. తొలిదశలో క్యాన్సర్‌కు నొప్పి లేకపోవచ్చు కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడవద్దు. అనుమానం ఉంటే వైద్యుడు అక్కడి నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. జబ్బు ఏమిటో ఖాయంగా చెప్పేది ఆ పరీక్షే.